పొడుగు తగ్గించని ప్యాంట్లు

పిన్ని ట్రయల్ రూములో మోకాళ్ల మీద కూచుని అరచేత్తో నేల తడుముతోంది. కర్టెన్ సందులోంచి క్యాషియర్ అమ్మాయి తొంగిచూసింది.

"ఏమైనా పోగొట్టుకున్నారా పిన్నిగారూ?"

"నేను కాదమ్మా. పోగొట్టుకోవాల్సినవాళ్లు ఏమీ పోగొట్టుకోలేదు. అదే వెతుకుతున్నా."

ఆ పిల్లకి ముక్క అర్థం కాలేదు, పాపం. పిన్ని గోడ పట్టుకుని, మోకాళ్లని నాలుగు తిట్టి లేచింది. మగవాళ్ల బట్టల అంతస్తులో ఉన్న ట్రయల్ రూములన్నీ చూసేసింది. ఒక్కదాంట్లో గుండుసూది లేదు. సుద్ద గీత లేదు. తెగిన బొత్తాం లేదు. అద్దం మీద వేలిముద్ర కూడా లేదు, నిన్న కొని తెచ్చి తగిలించినట్టుంది. ఈ మూడు నెలలుగా ఈ అంతస్తులో ప్యాంట్లు తెగ అమ్ముడుపోతున్నాయని పైన ఆఫీసులో చెప్పుకుంటున్నారు మరి. కొన్నవాళ్లంతా ఎక్కడ తొడిగి చూసుకున్నట్టు?

ఆవిడ ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు. పోలీసు ఇన్‌స్పెక్టర్ల దగ్గర్నుంచి జేబుదొంగల దాకా అందరూ అలాగే పిలుస్తారు. ఇప్పుడంటే మెట్లకింద గదిలో బల్ల వేసుకుని, బోర్డు పెట్టుకుని, సొంతంగా డిటెక్టివ్ పని చేస్తోంది గానీ, వయసులో ఉన్నప్పుడు ఇదే బట్టల కొట్టులో జీతానికి ఉండేది. కొనడానికి వచ్చినదానిలా అరల మధ్య తిరుగుతూ, చొక్కా మీద చొక్కా తొడుక్కుని జారుకునేవాళ్లని పట్టుకోవడం ఆవిడ పని.

అలా ఒకరోజు ఒక పొడుగాటి కుర్రాడు నీలం చొక్కాల అర చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ కనపడ్డాడు. ఎంతకీ కొనడు, ఎంతకీ పోడు. పిన్ని వెనకాలే వెళ్లి, పక్కకి పిలిచి, సంచి తెరవమంది. సంచిలో ఖాళీ క్యారేజీ తప్ప ఏమీ లేదు. "ఇంతసేపూ ఏం వెతుకుతున్నారు?" అని గద్దించింది. "మీరు ఇటు తిరుగుతారేమోనని చూస్తున్నానండీ" అన్నాడు. అంతే, ఆ ఏడాదే పెళ్లయిపోయింది. మొదటి బోనసు రాగానే ఆ మహానుభావుడు ఉంగరం కొనాల్సిందిపోయి, ఈ కొట్టువాళ్ల షేర్లు కొని తెచ్చాడు. "నిన్నిచ్చిన కొట్టు, మనకీ ఇందులో కొంత ఉండాలి" అని. ఆ షేరు కాగితం ఇప్పటికీ వాళ్ల పెళ్లి ఫోటో వెనకాలే ఉంటుంది.

ఈ సంగతంతా పిన్ని ముందే చెప్పేసింది, తనకి ఈ పని అప్పగించిన మాస్టారికి. ఆయన రిటైరయిన హెడ్మాస్టరు. ఈ కొట్టులో నాలుగేసి, పదేసి షేర్లున్న చిన్నవాళ్లంతా తమ ఓట్లు ఆయన చేతిలో పెట్టేశారు.

"మా ఇంట్లోనూ షేర్లున్నాయి మాస్టారూ. వేరేవాళ్లని చూసుకోండి" అంది పిన్ని.

"ఈ కొట్టంటే ప్రేమున్న మనిషి దీని గురించి చెడ్డమాట చెబితే కళ్లు మూసుకుని నమ్మొచ్చు. అందుకే నువ్వు కావాలి" అన్నాడాయన. "నాకొక్కటే చెప్పు. ఈ కొట్టు నిజంగా కోలుకుంటోందా, బుగ్గలకి రంగు పూసుకుని కూచుందా? సాయంత్రం నాలుగింటికి వాటాదారుల మీటింగు. నువ్వు ఏ మాటంటే నా చెయ్యి అటే లేస్తుంది."

ఆ చెయ్యి ఎటు లేస్తే కొట్టు బతుకు అటే. ఎందుకంటే పెద్ద వాటాదారులు సరిగ్గా రెండు ముక్కలైపోయి ఉన్నారు. ఒక ముక్కకి నాయకుడు కోటుగారు. ఎండలో కూడా కోటు విప్పడు కాబట్టి ఆ పేరొచ్చింది. "ఇది చచ్చిన కొట్టు. కింద ఉన్న స్థలమే బంగారం. ఇప్పుడే అమ్మేసి తలా ఇంత పంచుకుందాం" అంటాడు. రెండో ముక్క మేనేజరమ్మ వైపు. ఈ కొట్టు పెట్టిన పెద్దాయన మనవరాలు ఆ పిల్ల. రెండేళ్ల గడువివ్వండి, లేపి నిలబెడతాను అంటుంది. అన్నిటికంటే పై అంతస్తు మూసేసి ఖర్చు తగ్గించింది. పిల్లల బట్టల్లో కొత్త పద్ధతి పెట్టింది. ప్రతి గౌనుకీ, ప్రతి నిక్కరుకీ లోపల వెడల్పాటి మడత పెట్టి కుట్టిస్తుంది. పిల్ల ఎదిగేకొద్దీ తెస్తే, ఆ మడత విప్పి పొడుగు చేసి ఇస్తారు, ఊరికే.

"ఊరికేనట! వ్యాపారమా, ధర్మసత్రమా?" అని కోటుగారు నవ్వుతాడు.

పిన్ని మెట్లెక్కి పిల్లల అంతస్తుకి వెళ్లింది. అక్కడ చెప్పులు విప్పి ట్రయల్ రూములోకి అడుగుపెట్టిందో లేదో, అరికాల్లో చురుక్కుమంది. గుండుసూది! ఆ పోటుకి ఎవరైనా కుయ్యోమంటారు. పిన్ని మొహం మాత్రం వెలిగిపోయింది. వంగి చూస్తే ఇంకో రెండు, మూలగా సుద్దముక్క, ఒంటి మేజోడు. అద్దం కింది సగం నిండా చిట్టి చేతుల ముద్రలు. ఎవరో గడుగ్గాయి అద్దానికి ముద్దు కూడా పెట్టినట్టుంది, మూతి అచ్చు స్పష్టంగా పడింది.

పక్కనే కత్తెర బాబాయి బల్ల. ఈ కొట్టుకి దర్జీ ఆయనే. బల్ల మీద గౌన్లు గుట్టగా ఉన్నాయి, బల్లకింద విప్పిన దారాలు పిచ్చుకగూడంత ఉన్నాయి. బల్లముందు స్టూలు మీద పన్నూడిన పిల్లొకతి నిలబడి గిరగిరా తిరుగుతోంది.

"తిరక్కే తల్లీ, కొలత తప్పుతుంది" అంటున్నాడు బాబాయి.

"కిందటిసారి ఇక్కడిదాకా ఉండేది" అని ఆ పిల్ల మోకాలు చూపించింది పిన్నికి. "ఇప్పుడు నేను పెద్దయ్యా. గౌను కూడా పెద్దవుద్ది. కానీ ఇక్కడికొచ్చామని తాతకి చెప్పకూడదు."

"నీకు నోరాగదా?" అని తల్లి ఎర్రబడిపోయి పిల్ల మూతి మూసింది. ఆవిడ చేతిలో అప్పటికే ఇంకో రెండు కొత్త గౌన్లున్నాయి. పొడుగు విప్పించుకోవడానికని వచ్చి, వచ్చినందుకు కొనుక్కుపోతోంది. మధ్యాహ్నం వచ్చి పట్టుకెళ్లమన్నాడు బాబాయి.

వాళ్లు వెళ్లాక పిన్ని బల్ల మీద చెయ్యేసింది. "బాబాయ్, ఈ గౌన్ల సంగతి సరే. కింద అమ్ముడవుతున్న ప్యాంట్లు ఏవీ?"

"ఏ ప్యాంట్లు?"

"మూడు నెలలుగా అమ్ముతున్నవి."

బాబాయి కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "నా దగ్గరికి రాలేదమ్మా. బయట ఎక్కడైనా కుట్టించుకుంటున్నారేమోలే అనుకున్నాను."

ఇక్కడ ఒక సంగతుంది. ఈ కొట్టు ప్యాంట్లకి కాళ్ల చివర అంచు కుట్టి ఉండదు. పెద్దాయన కాలం నుంచీ అంతే. ప్యాంటు పొడుగ్గా, అంచు విడిగా వదిలేసి ఉంటుంది. మనిషిని నిలబెట్టి, సూదులు గుచ్చి, వాడి కాలికి తగ్గట్టు కత్తిరించి మడిచి కుట్టి ఇవ్వాలి. అది కూడా ఊరికే. అలా కుట్టించుకోకుండా వేసుకుంటే నడిచినంత మేరా రోడ్డు ఊడ్చుకుంటూ పోవాలి. ఊరికే చేసేపనికి బయటికి పోయి డబ్బిచ్చేదెవరు? పిన్ని బాబాయి చెత్తబుట్ట బోర్లించి చూసింది. పువ్వుల గుడ్డ, చారల గుడ్డ, బుట్టబొమ్మల గుడ్డ. ప్యాంటు గుడ్డ పీలిక ఒక్కటంటే ఒక్కటి లేదు.

కొన్నారు. తొడిగి చూడలేదు. కుట్టించుకోలేదు. అంటే వేసుకోవడానికి కొన్నవి కావు.

మేనేజరమ్మ గది ఆ అంతస్తు చివర. పిన్ని తలుపు కొట్టకుండానే వెళ్లింది. ఈ పిల్ల పాకే వయసులో బాబాయి బల్లకింద గుడ్డముక్కల్లో నిద్రపోతే, తొక్కకుండా దాటుకుంటూ తిరిగిన మనిషి. ఆ చనువు ఎక్కడికి పోతుంది?

"ప్యాంట్లు ఎవరు కొంటున్నారే?"

"మగవాళ్లు, పిన్నీ."

"నవ్వుకోవడానికి రాలేదు తల్లీ నేను. నువ్వు మనుషుల్ని పెట్టి కొనిపిస్తున్నావా?"

ఆ పిల్ల కుర్చీలోంచి లేచిపోయింది. "మా తాతమీద ఒట్టు, లేదు!"

"మరి ఎవరు కొంటున్నారో ఎప్పుడైనా ఆరా తీశావా?"

పిల్ల కిటికీ వైపు తిరిగింది. పిన్ని ఊరుకుంది. మాట రావాలంటే ఒక్కోసారి ఊరుకోవడం కంటే మంచి ప్రశ్న ఉండదు.

"తీయలేదు" అంది చివరికి. "ఎక్కడో ఏదో తేడాగా ఉందని తెలుస్తూనే ఉంది. కానీ ప్రతి శుక్రవారం ఆ లెక్క వింటే రాత్రి నిద్ర పట్టేది పిన్నీ. అడిగితే ఆగిపోతుందేమోనని అడగలేదు. తప్పే."

"తప్పే" అంది పిన్ని, జుట్టు నిమురుతూ. కానీ లోపల మనసు తేలికపడింది. ఎందుకంటే ఈ పిల్ల గనక దొంగ కొనుగోళ్లు చేయించి ఉంటే, ముందు ఆ ప్యాంట్లకి అంచులు కుట్టించి ఉండేది. దర్జీ బల్లకింద పెరిగిన పిల్ల అంచు సంగతి మర్చిపోతుందా? చేసినవాళ్లెవరో గానీ, ఈ కొట్టు గురించి అంతా తెలిసి, ఈ ఒక్క ముక్కా తెలియని మనిషి.

అప్పుడే సెల్లు మోగింది. ఇంటాయన.

"ఎక్కడున్నావోయ్?"

"కేసులో ఉన్నా. ఎక్కడో చెప్పకూడదు. తెలుసుగా."

"తెలుసు తెలుసు. భోజనం వేళకి వస్తావేమోనని. అన్నట్టు, అటక మీద నీ పాత సూట్‌కేసు కావాలన్నావుగా? నువ్వెక్కకు, మోకాళ్ల నొప్పులు. నేనే తీసి పెడతాను."

"ఈ మధ్య అటకంటే మహా ముచ్చటపడిపోతున్నారే! వాచీ రిపేరు చేసి ఇచ్చాడా ఆ షాపువాడు?"

"ఇస్తాడు, ఇస్తాడు" అని గబుక్కున పెట్టేశాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయనే ముందుగా ఫోను పెట్టేయడం అదే మొదటిసారి. ఆ మాట పిన్ని మనసులో ఒక మూల ముల్లులా ఉండిపోయింది. తీసి చూసుకునే తీరిక లేదు. గది బయటికొచ్చి మెట్లు దిగుతుంటే ఎదురుగా మరిది వస్తున్నాడు.

మరిదంటే పిన్ని చేతుల్లో పెరిగినవాడే. ఆవిడ కాపురానికొచ్చేసరికి ముక్కు కారుతుండే పిల్లాడు. ఈవిడ కేసుల కబుర్లు వింటూ అన్నం తిని, పెద్దయ్యాక అదే పని నేర్చుకుని, చివరికి అద్దాల తలుపుల ఆఫీసు పెట్టి, వదినకి పోటీగా కూచున్నాడు. కోటుగారు పెట్టుకున్న డిటెక్టివ్ వాడే.

"ఏం వదినా, నేల తడుముతున్నావట? పడిపోయిన పేరు దొరికిందా?"

"దొరికింది గానీ నీ సైజు కాదురా, వదులవుతుంది. నీకెంత దొరికింది?"

"అంతా దొరికింది." వాడు సెల్లు తెరిచి ఫోటోలు చూపించాడు. "మేనేజరమ్మ డబ్బిచ్చి మనుషుల్ని పంపుతోంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, పక్క గుమ్మం గుండా. వారానికొక మనిషి. టోపీ, సంచి. ప్యాంట్లు తీసుకుంటారు, చూసుకోరు, బేరమాడరు, నోట్లిచ్చి పోతారు. మా కుర్రాడు రోడ్డుకి అటువైపు నుంచి తీశాడు. ఇవాళొచ్చేవాణ్ణి చేత్తో పట్టుకుని మీటింగులో నిలబెడతాను. ప్యాంట్లు అబద్ధమని తేలితే గౌన్లు నిజమంటే ఎవరు నమ్ముతారు? కథ కంచికి."

"గౌన్లు నిజంరా. పైకి రా, చూపిస్తాను. ప్యాంట్లు మొత్తం తీసేసి చూసినా కొట్టు కోలుకుంటోంది. నెమ్మదిగా, కానీ నిజంగా."

"వదినా, నువ్వు రాసేది రిపోర్టు కాదు, ప్రేమలేఖ. ఈ కొట్టులో నీకు పెళ్లిచూపులయ్యాయి. నీ కళ్లకి ఇది ఎప్పుడూ కళకళలాడుతూనే ఉంటుంది."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. పిన్ని పైకి కనపడనివ్వలేదు. "సరే, నా కళ్లు మంచివి కావు. నీ కళ్లతోనే చెప్పు. మేనేజరమ్మే చేయిస్తే ఆ ప్యాంట్లకి అంచులు ఎందుకు కుట్టించలేదు?"

"అంచులేంటి?"

"కాళ్ల చివర కుట్టాలి కదరా."

"కుట్టడమేంటి వదినా, రెడీమేడ్ ప్యాంట్లు కదా! తయారుగా ఉంటాయనే కదా రెడీమేడ్ అనేది?"

పిన్ని వాడి మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు. నిజంగానే అంటున్నాడు.

"నీ ప్యాంట్లు ఎవరు కొంటార్రా?"

"నేనే. ఇక్కడే కొంటాను."

"కొని?"

"ఇంటికి తీసుకెళ్లి మంచం మీద పెడతాను. తర్వాత వేసుకుంటాను."

"మధ్యలో?"

"మధ్యలో ఏముంటుంది?"

మధ్యలో పిన్ని తోటికోడలుంటుంది. సూదీ దారం ఉంటాయి. సీరియల్ చూస్తూ కుట్టేసే అంచులుంటాయి. ఆ సంగతి ఈ పెద్ద డిటెక్టివ్‌కి పెళ్లయిన ఇన్నేళ్లకీ తెలియదు. దీనికి ముందు ఇరవై ఏళ్లు వీడి నిక్కర్లకి కుట్టింది పిన్ని. అదీ తెలియదు.

నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. వీడికొక్కడికేనా తెలియనిది? ప్యాంట్లు కొన్నవి కొన్నట్టే కాలికి సరిపోతాయనుకునే మగవాడు ఎవడు? ఇంట్లో ఎవరో చెప్పకుండా కుట్టిపెడుతుంటే వేసుకుని తిరిగేవాడు.

"ఆ ఫోటోలు మళ్లీ ఇలా ఇవ్వు" అంది.

అన్నీ వెనక నుంచి తీసినవే. ముసలి వీపులు, టోపీలు. పిన్ని మొహాల కోసం చూడలేదు, కాళ్ల వైపు చూసింది. అందరి కాళ్లకీ తెల్లటి నడక బూట్లు. పొద్దున్నే పార్కులో చేతులూపుకుంటూ గుంపుగా నడిచేవాళ్లు వేసుకునేవి. ఆ గుంపులో ఎవరెవరున్నారో, వాళ్లలో ఎవరి ఇంట్లో ఈ కొట్టు షేర్లున్నాయో పిన్నికి బాగా తెలుసు. వాచీ, అటక, గబుక్కున పెట్టేసిన ఫోను, మనసులో ముల్లు.

"ఏమైంది వదినా, మొహం అలా పాలిపోయింది?"

"ఆకలేస్తోంది. పద, ఆ వచ్చేవాణ్ణి ఇద్దరం కలిసే చూద్దాం."

ఇద్దరూ మగవాళ్ల అంతస్తుకి దిగి, పక్కపక్క ట్రయల్ రూముల్లో దూరి కర్టెన్లు దగ్గరికి లాక్కున్నారు. మధ్యలో పల్చటి చెక్క. కాసేపటికి అవతల నుంచి గుసగుస.

"వదినా."

"ఊఁ."

"నేను గెలిస్తే అలుగుతావా?"

"అలిగితే ఏం చేస్తావు?"

"అన్నయ్యని పంపుతాను, బతిమాలడానికి."

పిన్ని కళ్లు గట్టిగా మూసుకుంది. "నోరు మూసుకో. కాపలా కాసేటప్పుడు మాట్లాడకూడదని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

పక్క గుమ్మం తలుపు కిర్రుమంది. నింపాదిగా అడుగులు. తెల్ల బూట్లు కర్టెన్ కింది సందులోంచి కనపడ్డాయి. ఎడమ బూటు తాడు వదులుగా ఉంది. పొద్దున గుమ్మంలో "తాడు కట్టుకోండి, పడతారు" అని తను అన్న బూటే అది.

బూట్లు ప్యాంట్ల అర దగ్గర ఆగాయి. ఆగీ ఆగకుండా కదిలి, క్యాషు కౌంటరు దగ్గరికి వెళ్లాయి.

"సార్, పొడుగు కొలవమంటారా? పైన దర్జీ ఉన్నాడు" అంది క్యాషియర్ అమ్మాయి. కొట్టు నియమం అది. అందరినీ అడగాలి.

"అక్కర్లేదమ్మా" అంది ఆ గొంతు, ధీమాగా. "ఈ కొట్టు ప్యాంట్లు నాకు ఎప్పుడూ కొలిచి కుట్టినట్టే సరిపోతాయి."

పక్క కర్టెన్ సర్రుమంది. మరిది కెమెరా ఎత్తి ఒక్క గెంతు గెంతాడు. క్లిక్‌మంది.

పిన్ని మెల్లిగా కర్టెన్ తీసింది. వాడు కెమెరా దించడం కూడా మర్చిపోయి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఎదురుగా టోపీ పెట్టుకుని, కొత్త ప్యాంట్ల పొట్లం గుండెకి హత్తుకుని, పిన్ని మొగుడు.

"ఏంట్రా తమ్ముడూ, నువ్వూ ప్యాంట్లకే వచ్చావా?" అన్నాడు. అంటూనే పిన్నిని చూశాడు. పొట్లం వెనక్కి దాచబోయాడు. ఆ పొట్లం దాగే సైజులో లేదు.

సరిగ్గా అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుంది. మీటింగు కోసం పైకి వెళుతున్న కోటుగారు, ఆయన పక్కన మాస్టారు. కోటుగారి కళ్లు మెరిశాయి.

"ఏమయ్యా, దొరికాడా నీ దొంగ?"

"దొంగా? ఎక్కడ?" అని పిన్ని మొగుడు కంగారుగా తన వెనక్కి తిరిగి చూశాడు.

"ఎవరీయన?" అన్నాడు కోటుగారు.

మరిది వదిన వైపు చూశాడు. చిన్నప్పుడు ఇంట్లో ఏది పగలగొట్టినా అలాగే చూసేవాడు, నువ్వే ఏదో ఒకటి చెప్పు వదినా అన్నట్టు. పిన్ని ముందుకొచ్చి మొగుడి పక్కన నిలబడింది.

"మా ఆయన" అంది.

కోటుగారు ఎంత నవ్వాడంటే కోటు గుండీ తెగుతుందనిపించింది. "బాగుంది! మాస్టారు పెట్టుకున్న డిటెక్టివ్ గారి భర్తే దొంగ కొనుగోళ్లు చేస్తున్నాడన్నమాట! ఇక ఈవిడ రిపోర్టు ఎవరు వింటారు? నాలుగింటిదాకా ఎందుకు, అందరూ వచ్చేశారు. ఇప్పుడే ఓట్లు పెట్టేద్దాం."

మాస్టారు పిన్నినే చూస్తున్నాడు. "అమ్మా, నేనడిగినదానికి జవాబుందా నీ దగ్గర?"

"ఉంది మాస్టారూ. కానీ ఇప్పుడది నా నోటి నుంచి వస్తే చెల్లదు." మరిది వైపు తిరిగింది. "ఒరేయ్, నీ మాటయితే చెల్లుతుంది. పైన పిల్లల అంతస్తుకెళ్లు. బాబాయి బల్ల చూడు, నేల చూడు, అద్దం చూడు. నీకేది కనపడితే అదే చెప్పు. కొట్టు చచ్చిందనిపిస్తే చచ్చిందనే చెప్పు. నేను అలగను."

"నీకు డబ్బిచ్చేది నేనయ్యా" అన్నాడు కోటుగారు చల్లగా. "నువ్వు చూసి చెప్పేలోపు ఓట్లయిపోతాయి. మాస్టారూ, మనం పైకి పోదాం పదండి."

మరిది ఒక్క క్షణం అన్న చేతిలో పొట్లం వైపు చూశాడు. కెమెరా మెడలోంచి తీసి వదిన చేతిలో పెట్టాడు. రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తాడు.

మాస్టారు లిఫ్టులోంచి బయటికొచ్చాడు. "నేను మెట్లమీదే వస్తానులెండి. ఈ లిఫ్టంటే నాకు కళ్లు తిరుగుతాయి."

"ఇప్పుడు దాంట్లోనే కదండీ వచ్చారు!"

"అందుకే తిరుగుతున్నాయి" అని ఆయన చేతికర్ర ఊతగా పట్టుకుని, మొదటి మెట్టు మీద కాలు మోపి, తీరిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ చెయ్యి లేకుండా ఓట్లు లేవు. కోటుగారు పళ్లు కొరుక్కుంటూ కింద నిలబడిపోయాడు.

పిన్ని మొగుడు చెవి దగ్గర గొణిగాడు. "మా నడకవాళ్లమే. షేర్లున్నవాళ్లం తలా ఇంత వేసుకుని, వారానికొకరం వస్తున్నాం. ఈ కొట్టు లేకపోతే ఎలాగా అని. చొక్కాలయితే రంగులు చూడాలి. ప్యాంట్లయితే అన్నీ ఒకటే కదా. తప్పు చేశామంటావా?"

"చేశారు. బతికించాలని పీక మీదకి తెచ్చారు. వాచీ అమ్మేశారా?"

"ఊఁ."

"అటక నిండిందా?"

"కిందటి నెలే. ఇప్పుడు మంచం కింద పెడుతున్నాను."

పిన్నికి ఏడవాలో, నవ్వాలో, ఈ మనిషిని ఇక్కడే నాలుగు దులపాలో తెలియలేదు. వంగి బూటు తాడు కట్టింది.

పైనుంచి ధనధనా అడుగుల చప్పుడు. మెట్ల మలుపులో మరిది మొహం ప్రత్యక్షమైంది. అరికాలు ఎత్తి పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతున్నాడు. వాడికీ సూది గుచ్చుకుంది.

"సార్! పైన కాలు పెట్టే చోటు లేదు సార్! బల్ల నిండా గౌన్లే. అమ్మలూ పిల్లలూ వరసకట్టి ఉన్నారు. ప్యాంట్లు అబద్ధమని నేనే చెప్తాను. కానీ పైన ఉన్నది అబద్ధం కాదు సార్!"

"అదంతా నాటకం! ఎవరో మనుషుల్ని తెచ్చి నిలబెట్టారు!" అని అరిచాడు కోటుగారు. "ఎవర్ని పెట్టారు? వాళ్లెవరో ముందు కనుక్కో!"

మరిది ఇబ్బందిగా పక్కకి తప్పుకున్నాడు. వాడి వెనక నుంచి ఒక చిట్టి గౌను మెట్లు దిగుతోంది. మోకాలు దాటి నిండుగా, కొత్తగా విప్పిన మడత గీత ఇంకా తెల్లగా కనపడుతూ. పైన ఆ పిల్ల తల్లి, కోటుగారిని చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

పన్నూడిన పిల్ల ఆఖరి మెట్టు మీద ఆగి, గిర్రున ఒక చుట్టు తిరిగి, చేతులు చాచింది.

"తాతా! నీకు చెప్పొద్దంది అమ్మ. నా గౌను పెద్దయింది, చూడు!"